లెక్కలు మా వీధులవి, పరిశోధన ఎక్కడిది? రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి,

నమస్కారం.

నేనొక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం చెబుతాను. మీ బ్యాంకు వెలువరించే నెలవారీ బులెటిన్, వడ్డీ రేటు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ మినిట్స్ మా ఎంఏ పిల్లలకు పాఠ్యపుస్తకాల కన్నా ఎక్కువ పనికొస్తాయి. ముందుగా ఆ కృతజ్ఞత చెప్పుకుని అసలు సంగతికి వస్తాను. విధాన నిర్ణయాల్లో విద్యావేత్తలతో కలిసి పనిచేస్తున్నామని రిజర్వు బ్యాంకు అంటుంది. నిజమే, చేస్తోంది. కానీ ఎవరితో? ఢిల్లీ, ముంబయి, అహ్మదాబాద్‌లలోని కొద్దిపాటి సంస్థలతో, ఆపైన అమెరికా విశ్వవిద్యాలయాలతో. దేశంలో ఆర్థికశాస్త్రం చదివే పిల్లల్లో ఎక్కువమంది ఉండేది రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, వాటి కింది కాలేజీల్లో. ఆ సహకారం వాటి గడప దాకా రాలేదు. దాన్ని అక్కడిదాకా తేవాలని అడగడానికే ఈ లేఖ.

ఇది కొత్త కోరిక కాదు. మీ బ్యాంకు ఒకప్పుడు చేసిన పనే. 1951లో రిజర్వు బ్యాంకు అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే తలపెట్టింది. దాన్ని నడిపిన కమిటీకి ఏ.డి. గోర్వాలా అధ్యక్షుడు. సభ్యుల్లో పుణె గోఖలే ఇన్‌స్టిట్యూట్‌ను నడిపిస్తున్న డి.ఆర్. గాడ్గిల్ ఒకరు. రిజర్వు బ్యాంకు తరఫున బి. వెంకటప్పయ్య, ఎన్.ఎస్.ఆర్. శాస్త్రి ఉన్నారు. 75 జిల్లాల్లో 600 గ్రామాలు, లక్షా 27 వేల పైచిలుకు కుటుంబాలు. కంప్యూటర్ లేని రోజుల్లో అంత లెక్క తేల్చి 1954లో నివేదిక ఇచ్చారు. పల్లెల్లో రైతు చేసే అప్పులో సహకార సంఘాల వాటా 3.1 శాతం, వాణిజ్య బ్యాంకుల వాటా 0.9 శాతం, వడ్డీ వ్యాపారుల వాటా దాదాపు 70 శాతం అని ఆ నివేదిక బయటపెట్టింది. మరుసటి ఏడాది, 1955 జులై 1న, ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారింది. ఆ మార్పుకు సిఫార్సు చేసింది ఈ కమిటీయే.

గాడ్గిల్ గారిని ఒక సెమినార్‌కు పిలిచి, శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి సాగనంపలేదు. సర్వేను నడిపించే కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఇప్పుడు మా వైపు కాలేజీలతో పెద్ద సంస్థలు పెట్టుకునే ‘సహకారం’ చాలావరకు శాలువా దగ్గరే ఆగిపోతోంది గనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఆ తర్వాత కూడా దారి మూసుకుపోలేదు. ద్రవ్య వ్యవస్థ పనితీరును సమీక్షించే పనిని 1982లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆచార్యుడు సుఖమయ్ చక్రవర్తికి అప్పగించారు. అహ్మదాబాద్ ఐఐఎంలో పాఠాలు చెప్పిన సి. రంగరాజన్ మొదట డిప్యూటీ గవర్నరు, తర్వాత గవర్నరు అయ్యారు (ఆపైన మాకు రాష్ట్ర గవర్నరుగానూ వచ్చారు). 1987లో ముంబయిలో ఇందిరాగాంధీ అభివృద్ధి పరిశోధనా సంస్థను రిజర్వు బ్యాంకే నెలకొల్పింది. బయటి నిపుణులు, బ్యాంకు పరిశోధకులు కలిసి అధ్యయనాలు చేయడానికి 1991లో డెవలప్‌మెంట్ రీసెర్చ్ గ్రూపు పెట్టారు. 2016లో ద్రవ్య విధాన కమిటీ వచ్చాక బయటి ఆర్థికవేత్తలు ముగ్గురికి వడ్డీ రేటు మీద ఓటు కూడా దక్కింది. మన దేశంలో ఆర్థికశాస్త్రం చదివినవాడికి ఇంతకన్నా పెద్ద బాధ్యత లేదు.

ఆ ముగ్గురి చొప్పున ఇప్పటికి మూడు విడతల్లో తొమ్మిది మంది వచ్చారు. చేతన్ ఘాటె, పామీ దువా, రవీంద్ర ఢోలకియా. అషిమా గోయల్, జయంత్ వర్మ, శశాంక భిడే. రామ్ సింగ్, సౌగత భట్టాచార్య, నగేశ్ కుమార్. వారి పాండిత్యం మీద నాకు పేచీ లేదు. నియామకం నాటికి వారు పనిచేస్తున్న ఊళ్లు మాత్రం ఒకసారి చూడండి: ఢిల్లీ, అహ్మదాబాద్, ముంబయి. వింధ్యకు దక్షిణాన ఉన్న ఏ రాష్ట్ర విశ్వవిద్యాలయం నుంచీ ఇంతవరకు ఒక్కరూ లేరు. ఈ నియామకాలు కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంటాయి, మీ చేతిలో కాదు, తెలుసు. అందుకని దాన్ని పక్కన పెట్టి, మీ చేతిలో ఉన్నవాటి గురించే అడుగుతాను. మీ ముందు గవర్నరు కుర్చీలో కూర్చున్న తెలుగువారిలో వై.వి. రెడ్డి గారి డాక్టరేట్ ఉస్మానియాది, దువ్వూరి సుబ్బారావు గారిది ఆంధ్రా విశ్వవిద్యాలయానిది. ఐఏఎస్ దారిలో మీ దాకా వచ్చిన రాష్ట్ర విశ్వవిద్యాలయం, పరిశోధన దారిలో ఎందుకు రాలేకపోతోంది?

మొదటి కారణం గణాంకాలు.

తెలుగు నేల మీద అప్పుల గురించి ఇరవై ఏళ్లుగా ప్రపంచస్థాయి పరిశోధన జరుగుతోంది. 2005 తర్వాత హైదరాబాద్ బస్తీల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ ఇచ్చే అప్పులపై 104 బస్తీల్లో ప్రయోగం చేశారు. సగం బస్తీల్లో సంస్థ ముందు శాఖలు తెరిచింది, మిగతా సగంలో తర్వాత. కొన్ని చిన్న వ్యాపారాలు పెరిగాయి కానీ చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటు వంటివాటిలో చెప్పుకోదగ్గ మార్పు లేదని తేలింది. 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చాక వసూళ్లు కుప్పకూలాయి. రిజర్వు బ్యాంకు మాలెగం కమిటీ వేసింది, 2011 జనవరిలో నివేదిక వచ్చింది. వడ్డీకి 24 శాతం గరిష్ఠ పరిమితి పెట్టాలని కమిటీ అంటే, మీ బ్యాంకు 26 శాతంగా ఖరారు చేసింది. ఇక్కడ చిక్కుకుపోయిన కంపెనీలు దేశంలో మిగతాచోట్ల కూడా అప్పులు బిగపట్టడంతో ఆ జిల్లాల్లో రోజుకూలీ రేట్లే పడిపోయాయని ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ ఆ తర్వాత లెక్కగట్టారు. మన దగ్గర పుట్టిన సంక్షోభం ఎక్కడో బీదరైతు కూలి డబ్బును కోసిందన్నమాట. ఇంత ముఖ్యమైన ఫలితం వరంగల్‌లోనో అనంతపురంలోనో ఎంఏ చదివే పిల్లాడికి తెలియదు. తెలిసినా, ఆ ప్రశ్నను ముందుకు తీసుకెళ్లే సరుకు అతని చేతిలో ఉండదు.

ఇంకో ఉదాహరణ ఇంకా సూటిగా ఉంటుంది. పెద్దనోట్ల రద్దు మీద గాబ్రియెల్ చోడోరో-రైక్, గీతా గోపీనాథ్, ప్రాచీ మిశ్రా, అభినవ్ నారాయణన్ 2020లో ప్రచురించిన పరిశోధన అందరికీ తెలిసిందే. కొత్త నోట్లు ఏ జిల్లాకు ఎంత చేరాయో రిజర్వు బ్యాంకు కరెన్సీ చెస్టుల (నోట్లు నిల్వ ఉంచే ఖజానాల) లెక్కలతో పోల్చి, రాత్రిపూట ఉపగ్రహానికి కనిపించే దీపాల కాంతి దగ్గర్నుంచి ఉద్యోగాల దాకా చూసి, ఆ మూడు నెలల్లో ఆర్థిక కార్యకలాపాల వృద్ధి కనీసం 2 శాతం పాయింట్లు తగ్గిందని తేల్చారు. కేంద్ర బ్యాంకు లోపలి లెక్క, బయటి పరిశోధకుడి ప్రశ్న కలిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి నమూనా లేదు. ఫలితం ప్రభుత్వానికి చేదుగా ఉన్నా ప్రచురణ ఆగలేదు, అదీ మెచ్చుకోవాలి. నా ప్రశ్న ఒక్కటే. శ్రీకాకుళంలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి అదే చెస్టు లెక్క కోసం దరఖాస్తు పెట్టుకోవాలంటే ఎవరికి పెట్టాలి? ఏ ఫారం? ఎన్నాళ్లలో జవాబు వస్తుంది? హార్వర్డ్‌లో సహ రచయిత లేనివాళ్లకు ఆ గది తలుపు ఎక్కడుందో తెలియడం లేదు సార్.

మీరు ఇవ్వగలిగినవి చాలానే ఇస్తున్నారు. గృహస్థుల ద్రవ్యోల్బణ అంచనాల సర్వేలో ఒక్కొక్క ఇంటి జవాబులు కూడా, పేర్లు లేకుండా, వెబ్‌సైట్లో పెడుతున్నారు. చాలా దేశాలు ఆ మాత్రం చేయవు. అప్పుల విషయం వచ్చేసరికి మాత్రం 1972 నుంచి బ్యాంకులు పంపే బేసిక్ స్టాటిస్టికల్ రిటర్న్స్‌లో జిల్లా మొత్తాలే మాకు కనిపిస్తాయి. శాఖల వారీ, ఖాతాల వారీ వివరాలు లోపలే ఉంటాయి. రుణ సమాచారం గోప్యంగా ఉంచాలని రిజర్వు బ్యాంకు చట్టం 45ఇ సెక్షన్ చెబుతోంది, అది ఉండాల్సిందే. నా అప్పు సంగతి పక్కవాడికి తెలియాలని నేనూ కోరుకోను.

జిల్లా మొత్తం ఎందుకు చాలదో ఒక చిన్న విషయం చెబుతాను. మా పిల్లలు కొందరు ప్రాజెక్టు పని మీద గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లారు. 2025లో ఫిబ్రవరికీ జూన్‌కీ మధ్య మీరు రెపో రేటును, అంటే బ్యాంకులకు మీరిచ్చే అప్పు మీద వడ్డీని, 6.50 శాతం నుంచి 5.50కి దించారు. ఆ దించినది రైతు దాకా వచ్చిందా లేదా అన్నది ప్రశ్న. టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపుకుని కాటా కోసం చూస్తున్న రైతును అడిగితే, “బ్యాంకులో తీసుకున్నోళ్లకి తగ్గుద్దేమో. మా షావుకారు దగ్గర ఎప్పుడూ రెండు రూపాయలే” అన్నాడు. నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. పైగా పంట ఆ కమీషన్ ఏజెంటుకే వేయాలి. వడ్డీ కొంత అప్పు పత్రంలో ఉంటుంది, కొంత ధరలో ఉంటుంది. ఇక్కడిదాకా పాత కథే.

అసలు తమాషా ఆ తర్వాత. “మీ షావుకారుకి డబ్బు ఎక్కడిది?” అని మా అమ్మాయి అడిగితే, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు అన్నాడు. ఆమె చేతిలోని ఫారంలో ‘అప్పు ఎక్కడ తీసుకున్నారు’ అన్న గడిలో బ్యాంకు, సహకార సంఘం, ప్రైవేటు అని మూడే ఉన్నాయి. ఏది టిక్ పెట్టాలో తెలియక నాకు ఫోన్ చేసింది. నేనూ వెంటనే చెప్పలేకపోయాను. డబ్బు బ్యాంకుదే, అప్పిచ్చింది ప్రైవేటు వ్యక్తి. మీరు తగ్గించిన రేటు ఏజెంటు ఖాతా దాకా వచ్చి అక్కడే ఆగిందా, కాస్తయినా కిందికి జారిందా? కోల్డ్ స్టోరేజీ బాండు పెట్టి నేరుగా బ్యాంకులో తీసుకున్న రైతుకూ ఇతనికీ తేడా ఎంత? బంగారం తాకట్టు పెట్టి తీసుకున్న ‘పంట రుణం’ నిజంగా పంటకే వెళ్లిందా, కొడుకు ఇంజినీరింగ్ ఫీజుకు వెళ్లిందా? జిల్లా మొత్తంలో ఇవన్నీ కలిసిపోతాయి. శాఖల వారీ లెక్కను యార్డు చుట్టుపక్కల మేం సేకరించే వివరాల పక్కన పెడితే జవాబు దొరుకుతుంది. ముంబయిలో కూర్చున్న మీ పరిశోధకుడికి యార్డు తెలియదు, యార్డు తెలిసిన మా పిల్లలకు మీ లెక్క అందదు.

గోప్యత చెడకుండా దీన్ని ఎలా చేయాలో జర్మనీ కేంద్ర బ్యాంకు చేసి చూపిస్తోంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో బుండెస్‌బ్యాంకుకు పరిశోధకుల కోసం ప్రత్యేక డేటా కేంద్రం ఉంది. పరిశోధకుడు ప్రతిపాదన పంపుతాడు, ఒప్పందం మీద సంతకం పెడతాడు, పేర్లు తీసేసిన వివరాల మీద అక్కడి కంప్యూటర్లోనే పనిచేసుకుంటాడు. బయటికి వచ్చే పట్టికల్లో ఎవరి గుట్టూ లేదని సిబ్బంది సరిచూశాకే చేతికిస్తారు. అలాంటి గది ఒకటి మనకూ కావాలి, అదీ హైదరాబాద్‌లో. కొత్త భవనం అక్కర్లేదు. బ్యాంకింగ్ టెక్నాలజీ కోసం 1996లో మీరే పెట్టిన ఐడీఆర్‌బీటీ మాసబ్ ట్యాంకులో ఉంది. డేటా భద్రత వాళ్ల రోజువారీ పని. అందులో ఓ గది, కొన్ని కంప్యూటర్లు, లెక్కలు సరిచూసే ఇద్దరు ఉద్యోగులు, దరఖాస్తుకు ఇన్ని రోజుల్లో జవాబిస్తామన్న హామీ ఉంటే చాలు. సైఫాబాద్‌లోని మీ ప్రాంతీయ కార్యాలయంలో పెట్టినా మాకు అభ్యంతరం లేదు, మెట్రో దిగి నడిచి వస్తాం.

రెండో సంగతి, ఎవరిని అడుగుతున్నారన్నది. ధరలు ఎలా ఉన్నాయనుకుంటున్నారు, ఇక ఎలా ఉంటాయనుకుంటున్నారు అని మీరు రెండు నెలలకోసారి 19 నగరాల్లో ఇళ్లకు వెళ్లి అడుగుతారు. ఆ 19లో హైదరాబాద్ ఉంది. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్క నగరం లేదు. విశాఖ లేదు, విజయవాడ లేదు. ఇదేదో ప్రాంతీయ అభిమానంతో అడుగుతున్నది కాదని గమనించండి. 2025 జూన్‌లో తెలంగాణలో ద్రవ్యోల్బణం సున్నా కిందికి పోయింది. అదే నెల కేరళలో 6 శాతం దాటింది. దేశమంతటికీ రెపో రేటు ఒక్కటే. ఆ అక్టోబరులో దేశం మొత్తానికి చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోతే, మీ సర్వేలో గృహిణులు, చిరుద్యోగులు చెప్పే సంఖ్య 6 శాతానికి పైనే ఉంటూ వచ్చింది. ఈ తేడా ఎందుకొస్తోంది? బియ్యం, నూనె ధరలు తగ్గినా స్కూలు ఫీజు, ఆసుపత్రి బిల్లు మనసులోంచి పోకపోవడమా? అద్దెలా? బంగారమా? ఇవి ఢిల్లీలో మోడల్ రాసి తేల్చే విషయాలు కావు. స్థానిక భాషలో, ఇంట్లో కూర్చుని, ప్రశ్న మార్చి మార్చి అడిగి తేల్చాల్సినవి. విశాఖలో ఆ సర్వేను ఒక విశ్వవిద్యాలయ శాఖతో కలిసి ఒక ఏడాది నడిపి చూడండి. ప్రశ్నావళిలో కొన్ని అదనపు ప్రశ్నలు మమ్మల్ని వేయనివ్వండి. మీ పాత ప్రశ్నలు చెక్కుచెదరవు.

ఇక మూడోది కాస్త ఇబ్బందికరమైన విషయం. కేంద్ర బ్యాంకు జీతం తీసుకునే పరిశోధకుడు కేంద్ర బ్యాంకు విధానం గురించి నిక్కచ్చిగా రాయగలడా? ఈ ప్రశ్న మన ఒక్కరిదే కాదు. అమెరికా, బ్రిటన్, యూరో దేశాల్లో కేంద్ర బ్యాంకులు బాండ్లు కొని డబ్బు పంప్ చేసిన విధానం మీద వచ్చిన 54 అధ్యయనాలను బ్రియాన్ ఫాబో, మార్టినా యాన్‌చోకోవా, ఎలిజబెత్ కెంఫ్, లుబోష్ పాస్టర్ పోల్చి చూశారు. కేంద్ర బ్యాంకు ఆర్థికవేత్తలు రాసిన వ్యాసాల్లో ఆ విధానం బాగా పనిచేసిందని ఎక్కువగా కనిపించింది, విశ్వవిద్యాలయాల వారి వ్యాసాల్లో అంతగా కనిపించలేదు. ఎక్కువ ప్రభావం చూపించినవారికి తర్వాత పదోన్నతులు కూడా మెరుగ్గా ఉన్నాయట! ఎవరూ అబద్ధం రాశారని కాదు. నీళ్లు పల్లానికి పారినట్టు, సందేహం వచ్చినచోట కలం కొంచెం యజమాని వైపు వాలుతుంది. దానికి విరుగుడు బయటివాళ్లు అదే లెక్క తీసుకుని మళ్లీ చేసి చూడగలగడమే. మీ బులెటిన్‌లో వచ్చే వ్యాసాల కింద ‘ఇవి రచయితల సొంత అభిప్రాయాలు’ అని రాస్తున్నారు. దానితోపాటు ఆ వ్యాసానికి వాడిన లెక్కలు, ప్రోగ్రాములు కూడా జతచేస్తే ఆ మాటకు అర్థం ఉంటుంది. ఎంఏ రెండో ఏడాది పిల్లలకు ఒక్కో వ్యాసాన్ని మళ్లీ చేసి చూడమని అసైన్‌మెంట్ ఇస్తాను. తప్పులు దొరికితే మీకే మంచిది.

భిన్నాభిప్రాయానికి విలువ ఉందని మీ కమిటీయే నిరూపించింది. 2024 జూన్‌లో, ఆగస్టులో వడ్డీ తగ్గించాల్సిందేనని జయంత్ వర్మ, అషిమా గోయల్ ఓటేశారు. 4-2తో ఓడిపోయారు. వాళ్ల వాదన మినిట్స్‌లో అక్షరాలా ఉంది. తర్వాత జులై-సెప్టెంబరు త్రైమాసికం వృద్ధి 5.4 శాతమేనని తొలి అంచనా వచ్చినప్పుడు చాలామంది వెనక్కి వెళ్లి ఆ పేజీలు చదివారు. ఎవరు ఒప్పు అన్నది ఇప్పటికీ వాదించుకోవచ్చు, వాదించుకోవడానికి కాగితం ఉంది. 2022లో మాత్రం ఆ కాగితం దొరకలేదు. వరసగా మూడు త్రైమాసికాలు ద్రవ్యోల్బణం 6 శాతం పైన ఉండటంతో, లక్ష్యం ఎందుకు తప్పిందో వివరిస్తూ చట్టం ప్రకారం మీ బ్యాంకు కేంద్రానికి నివేదిక పంపింది. దానికోసం నవంబరు 3న కమిటీ ప్రత్యేకంగా సమావేశమైంది. ఆ నివేదికను ప్రజల ముందు పెట్టలేదు. ఉక్రెయిన్ యుద్ధం వల్ల పెరిగిన నూనె ధర ఎంత, మన దగ్గర ఆలస్యంగా కదిలిన నిర్ణయం ఎంత అని మీ సంస్థే విడదీసి రాసి ఉండాల్సిన పత్రం అది. ఏళ్లు గడిచాయి, మార్కెట్లు బెదిరిపోయే రహస్యం అందులో ఇంకా ఏం మిగిలి ఉంటుంది? బ్రిటన్‌లో లక్ష్యం తప్పితే గవర్నరు రాసే లేఖ అప్పటికప్పుడే అందరూ చదువుతారు. అక్కడ అంచనాలు ఘోరంగా తప్పాక, వాటి తయారీని సమీక్షించమని అమెరికా కేంద్ర బ్యాంకు మాజీ అధిపతి బెన్ బెర్నాంకీని పిలిచారు. 2024లో ఆయన ఇచ్చిన 12 సిఫార్సులను దాచలేదు.

మా వైపు లోపాలు దాచి మిమ్మల్ని మాత్రమే నిలదీస్తే బాగుండదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఆర్థికశాస్త్ర శాఖల్లో అధ్యాపక పోస్టులు ఏళ్లతరబడి ఖాళీగా ఉంటున్నాయి, గెస్టు ఫ్యాకల్టీతో బండి నడుస్తోంది. ‘ఫలానా మండలంలో స్వయం సహాయక సంఘాల పాత్ర’ అని మండలం పేరు మార్చి రాసే సిద్ధాంత గ్రంథాలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఎకనోమెట్రిక్స్ పేపరుకు పిల్లలు భయపడతారు, నిజం చెప్పాలంటే చెప్పేవాళ్లూ కొందరు భయపడతారు. మంచి గణాంకాలు చేతికందని చోట మంచి పద్ధతులు నేర్చుకోవాలన్న ఆకలి కూడా పుట్టదు. తలుపు తెరిస్తే మొదటి ఏడాది వచ్చే ప్రతిపాదనల్లో సగం తిప్పి పంపాల్సి రావచ్చు. పంపండి, కారణం రాసి పంపండి.

కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకులు మూడు నెలలు పరిశోధన చేసే స్కాలర్‌షిప్ పథకం మీకు ఇప్పటికే ఉంది. దేశం మొత్తానికి ఏడాదికి గరిష్ఠంగా ఐదుగురికి. దాన్ని పెంచడానికి చట్టం మార్చక్కర్లేదు, పార్లమెంటుకు వెళ్లక్కర్లేదు. ఆ సంఖ్యను పెంచి, అందులో కొన్ని స్థానాలు రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు కేటాయించి, హైదరాబాద్‌లోనూ పనిచేసుకునే వీలు కల్పించండి. ఈ విద్యాసంవత్సరానికి ప్రకటన ఇస్తే మా శాఖ నోటీసు బోర్డులో ఆ రోజే అంటిస్తాం.

ఇట్లు,
ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు